రహీం సాహెబ్ బడి

మన సంఘం కార్యవర్గం వారు ఈ ఏటి సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం కావాలని మమ్మల్ని అడిగారు. చరిత్ర అనగానే మన జిల్లాలో అందరికీ గుర్తొచ్చేది గండికోట, ఆ కోటలోని జామియా మసీదు, కడపను ఏలిన మయానా నవాబులు. వాటి మీద రాసినవారు చాలామంది ఉన్నారు, ఇకముందూ రాస్తారు. మేము మాత్రం ఈసారి కోట లేని, ఫిరంగి లేని ఒక మనిషిని గురించి రాయదలచుకున్నాము. ఆయన మాలాగే బడిపంతులు. హైదరాబాదు బడుల్లో పాఠాలు చెప్పుకుంటూ, సాయంత్రం పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుకుంటూ, చివరికి మన దేశపు జట్టును రెండుసార్లు ఆసియా విజేతగా నిలిపాడు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టి 1963 జూన్ 11న కన్నుమూశాడు.

2024లో ఆయన మీద హిందీలో 'మైదాన్' అనే సినిమా వచ్చింది. అప్పుడు మా బడిలో పదో తరగతి పిల్లోళ్ళు వచ్చి, "సార్, ఈయన నిజంగా ఉండినాడా, సినిమా కోసం పుట్టించినారా?" అని అడిగారు. ఉర్దూ మీడియం పిల్లలకే ఈ సంగతి తెలియకపోతే ఇక ఎవరికి తెలుస్తుంది? అందుకే ఈ వ్యాసం. సినిమా చూసినవారికి కథ తెలుసు. సినిమాలో ఇమడని భాగమే మాకు ముఖ్యం. ఒక మామూలు పిల్లవాణ్ణి తీసుకుని గోలు కొట్టేవాడిగా ఎలా తయారుచేశాడన్నదే ఆ భాగం.

రహీం సాహెబ్ ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకున్నవాడు. తానూ మంచి ఆటగాడే. కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల బడుల్లో పని చేశాడు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ ఆయన చేతికొచ్చింది. ఆ ఏడాదే ఆ జట్టు డ్యూరండ్ కప్పు ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు గెలుచుకుంది. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా, కలకత్తా అంటే ఫుట్‌బాల్. అక్కడి పెద్ద క్లబ్బులకు డబ్బుంది, పేరుంది, వేలకొద్దీ అభిమానులున్నారు. ఇక్కడున్నదేమో పోలీసు ఉద్యోగం చేసుకునే కుర్రవాళ్ళు, వాళ్ళకొక పంతులు. అయినా ఐదేళ్ళపాటు వాళ్ళను ఎవరూ కదిలించలేకపోయారు. ఇది అదృష్టం కాదు. ఒక్క ఏడైతే అదృష్టం అనుకోవచ్చు.

మరి ఏమి చేశాడు? ఇది తెలియాలంటే అప్పటి ఆట ఎట్లుండేదో ముందు చెప్పాలి. మన ఆటగాళ్ళలో చాలామంది ఉత్తకాళ్ళతో ఆడేవారు. బంతిని కాలివేళ్ళతో నిమురుతూ, ఒకడిని తప్పించి, ఇంకొకడిని తప్పించి, మూడోవాడి దగ్గర పోగొట్టుకుని, చప్పట్లు మాత్రం మూటగట్టుకుని వచ్చేవారు. చూడ్డానికి బాగుంటుంది. కళ్ళకు పండగే. అయితే బంతిని ఒక్కడే పట్టుకుని తిరిగేలోపు ఎదుటి జట్టు వాళ్ళు అందరూ వెనక్కి వచ్చి గోలు ముందర గోడ కట్టేస్తారు. మనిషి ఎంత పరిగెత్తినా బంతి అంత వేగంగా పోలేడు గదా! ఈ చిన్న సంగతే రహీం సాహెబ్ శిక్షణకు పునాది.

ఆయన పెట్టిన పోటీల సంగతి వింటే మనకు నవ్వొస్తుంది, తర్వాత ఆలోచన వస్తుంది. డ్రిబ్లింగ్ చేయకూడదని నియమం పెట్టి కొన్ని పోటీలు నడిపాడు. బంతి వచ్చిందా, ఒక్క తాకుతో ఇంకొకడికి ఇవ్వాల్సిందే. ఇంకొన్ని పోటీల్లో బలంలేని కాలుతోనే ఆడాలి. కుడికాలి వాడు ఎడమకాలితో, ఎడమకాలి వాడు కుడికాలితో. ఇందులో పిల్లవాడికి తెలియకుండానే జరిగే పని ఒకటుంది. ఒక్క తాకుతోనే బంతి ఇవ్వాలంటే, బంతి తన దగ్గరికి చేరకముందే ఎవరికివ్వాలో చూసి పెట్టుకోవాలి. అంటే తల పైకెత్తక తప్పదు. "తలెత్తి ఆడరా" అని నూరుసార్లు అరిచినా వినని పిల్లవాడు, నియమం మారేసరికి తనంతట తానే తలెత్తుతాడు. మేము పాతికేళ్ళుగా తరగతిలో నిలబడి చెప్పే పాఠాల్లో ఈ కిటుకు ఎన్నింటికో పనికొస్తుందని మాకు అనిపిస్తూ ఉంటుంది, అది వేరే వ్యాసం.

ఎడమకాలి సంగతి ఇంకా ముఖ్యం. ఫార్వర్డుకు ఒకే కాలు వస్తుందని ఎదుటి డిఫెండరు ఐదు నిమిషాల్లో కనిపెడతాడు. ఆ పక్కకు వచ్చి నిలబడితే చాలు, ఆ ఫార్వర్డుకు సగం గోలు మూసుకుపోయినట్లే. బంతి ఎడమవైపు వచ్చినప్పుడల్లా దాన్ని కుడికాలికి మార్చుకోవడానికి ఒక అడుగు, అర క్షణం ఖర్చు అవుతుంది. పెనాల్టీ బాక్సులో అర క్షణం అంటే గోలుకీపరుకు దండిగా సరిపోయే సమయం. ఉర్దూలో దాడిని హమ్లా అంటాము. హమ్లా అంటే మీదపడి తన్నుకోవడం కాదు, ఎదుటివాడు తలుపు మూసేలోపు లోపలికి పోవడం. రెండు కాళ్ళూ వచ్చినవాడికి రెండు తలుపులు ఉంటాయి.

రహీం సాహెబ్‌కు దేశపు జట్టు అప్పజెప్పాక 1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లోనే ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. మేవాలాల్ ఆ ఒక్క గోలూ కొట్టాడు. ఆ సంబరం ఏడాదిన్నర కూడా నిలవలేదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10-1తో చిత్తు చేసింది. చలిదేశపు తడి మైదానంలో మనవాళ్ళలో చాలామంది ఉత్తకాళ్ళతో దిగారు. ఆ దెబ్బతోనే మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. పది గోళ్ళు తిన్న కోచిని ఇంటికి పంపకుండా ఉంచడం ఆ రోజుల పెద్దల గొప్పతనం అని మేము అనుకుంటాము. ఈ కాలంలో అయితే మూడు గోళ్ళకే పంపిస్తారు.

ఇక్కడ కొంచెం పక్కకు పోయి ప్రపంచం సంగతి చెప్పాలి. 1925లో ఆఫ్‌సైడ్ నియమం మారింది. అంతకుముందు దాడి చేసేవాడికీ గోలు గీతకూ మధ్య ఎదుటివాళ్ళు ముగ్గురు ఉండాలి, ఆ ఏడు నుంచి ఇద్దరుంటే చాలన్నారు. దాంతో గోళ్ళు ఎక్కువయ్యాయి. వాటిని ఆపడానికి ఇంగ్లండు క్లబ్బులు మధ్యలో ఆడే సెంటర్ హాఫ్‌ను వెనక్కి దించి, ఎదుటి సెంటర్ ఫార్వర్డుకు కాపలా పెట్టాయి. నీడలాగా వాడి వెంటే ఉండటం అతని పని. పాతికేళ్ళకు పైగా అది శిలాశాసనంలా నడిచింది. 1953 నవంబరు 25న లండన్ వెంబ్లీలో హంగేరీ వాళ్ళు ఆ శాసనాన్ని చెరిపేశారు. వాళ్ళ సెంటర్ ఫార్వర్డు హిదెగ్‌కుటి ముందర నిలబడకుండా మైదానం మధ్యకు వెనక్కి జరిగాడు. కాపలావాడికి దిక్కు తోచలేదు. వెంటపడితే గోలు ముందర ఖాళీ, వెంటపడకపోతే హిదెగ్‌కుటి చేతులు కట్టుకుని ఉండడు. హంగేరీ 6-3తో గెలిచింది, అందులో మూడు గోళ్ళు ఆయనవే.

ఈ ఎత్తును రహీం సాహెబ్ పట్టుకున్నాడు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఒక ఫార్వర్డును వెనక్కి దించి ఆడించాడని ఆట చరిత్ర రాసినవారు చెబుతారు. 4-2-4 అనే కూర్పును 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ లోకప్రసిద్ధం చేసింది, అంతకంటే ముందే రహీం అదే దారిలో నడిచాడని కూడా అంటారు. దీన్ని పట్టుకుని బ్రెజిలువాళ్ళే మన దగ్గర నేర్చుకున్నారనేవారు మన టీ అంగళ్ళలో ఉన్నారు. మేము అంత దూరం పోము. ఇద్దరు తెలివైనవాళ్ళు ఒకే లెక్కను వేరువేరు ఊళ్ళలో చేసి ఒకే జవాబు తెచ్చుకోవచ్చు.

మెల్బోర్న్‌లో మనవాళ్ళు 1956 డిసెంబరు 1న ఆస్ట్రేలియాను వాళ్ళ సొంత గడ్డ మీదే 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి ఆసియావాడు ఆయనే. సెమీఫైనల్లో యుగోస్లావియా మీద కూడా మొదటి గోలు మనదే, అదీ డిసౌజాదే. చివరికి 4-1తో ఓడిపోయారు. కంచు పతకం కోసం బల్గేరియాతో ఆడి 3-0తో ఓడి నాలుగో స్థానంలో నిలిచారు. ఈ రోజు వరకు ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశం దాన్ని దాటలేదు. మన తెలుగువారికి ఇందులో ఇంకో విశేషముంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956 నవంబరు 1న. ఆస్ట్రేలియా మీద గెలిచే నాటికి ఆ రాష్ట్రం వయసు సరిగ్గా నెల రోజులు. ఆ జట్టుతో వెళ్ళినవారిలో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం, హైదరాబాదులోనే పుట్టిన గోలుకీపరు తంగరాజ్ ఉన్నారు. ఆ పేర్లను ఒకసారి మళ్ళీ చదవండి. ఒకడు ముసల్మాను, ఒకడు హిందువు, ఒకడు క్రైస్తవుడు. బంతి ఎవరికివ్వాలన్నప్పుడు ఖాళీగా ఉన్నదెవడని చూశారే కానీ వాడి పేరేమని చూడలేదు.

బలరాం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆయన సికింద్రాబాదు పక్కన అమ్ముగూడ అనే ఊళ్ళో బీద కుటుంబంలో పుట్టాడు. అక్కడి నుంచి హైదరాబాదు వచ్చి ఆట నేర్చుకోవాలంటే రాకపోకలకు డబ్బు లేదు. రహీం సాహెబ్ సైకిలు అద్దెకు తన జేబులోంచి ఇచ్చేవాడని బలరాం తర్వాత చెప్పుకున్నాడు. ఆ సైకిలు మీద వచ్చిన పిల్లవాడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోళ్ళు కొట్టాడు. ఆ ఒలింపిక్స్‌లో ఫ్రాన్సుతో 1-1గా సమానమయ్యాము. బలరాం 2023 ఫిబ్రవరిలో పోయారు. పత్రికల్లో మూలన చిన్న వార్త వచ్చింది. క్రికెట్ ఆటగాడి పెళ్ళికి ఇచ్చే జాగాలో పదో వంతు కూడా ఇవ్వలేదు.

ఇక 1962 జకార్తా. రహీం సాహెబ్‌కు అప్పటికే ఊపిరితిత్తుల కేన్సరు. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయారు. తర్వాత థాయిలాండును 4-1తో, జపానును 2-0తో గెలిచారు. ఈలోగా డిఫెండరు జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వెనకవైపు ఆడితే ఎత్తు బంతులన్నీ తలతోనే ఆపాలి, అది ప్రమాదం. ఇంకొకరైతే ఆయన్ను బెంచీ మీద కూర్చోబెట్టేవారు. రహీం సాహెబ్ ఆయన్ను సెంటర్ ఫార్వర్డుగా ముందుకు పంపాడు! దక్షిణ వియత్నాంతో సెమీఫైనల్ 3-2తో గెలిస్తే అందులో జర్నైల్ గోలు ఒకటి ఉంది. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్ళీ అదే దక్షిణ కొరియా. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వలేదన్న విషయంలో మన ప్రతినిధి ఒకరు అన్న మాటలకు ఇండొనేషియా జనం కోపంగా ఉన్నారు, స్టేడియం నిండా మనకు వ్యతిరేకంగా అరుపులే. పి.కె. బెనర్జీ 17వ నిమిషంలో, జర్నైల్ 20వ నిమిషంలో గోళ్ళు కొట్టారు. 2-1తో బంగారు పతకం మనదైంది. ఆ పతకాన్ని తనకు కానుకగా ఇమ్మని రహీం సాహెబ్ ముందురోజు ఆటగాళ్ళను అడిగాడని వారే తర్వాత చెప్పారు. తొమ్మిది నెలలకు ఆయన పోయాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి అదే చివరి బంగారు పతకం.

ఆ తర్వాత సంగతి మేము త్వరగా చెప్పి వదిలేస్తాము, చెప్పుకోవడానికి సంతోషంగా ఉండదు కాబట్టి. సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1956-57లో, 1957-58లో వరసగా గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. ఆ తర్వాత ఇటువైపు రాలేదు. కారణాలు పదిమంది పది చెబుతారు. మాకు కనబడేది ఒకటే. రహీం కాలంలో బాగా ఆడిన పిల్లవాడికి పోలీసు శాఖలో ఉద్యోగం దొరికేది. ఇంట్లో అమ్మానాన్నలు ఆపలేదు. ఆటకూ అన్నానికీ మధ్య ఉన్న ఆ దారం తెగిపోయాక, ఆట బీదవాళ్ళ వీధుల్లోంచి మెల్లగా జారిపోయింది.

ఇప్పుడు మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సంగతికి వద్దాము. మన ఊళ్ళలో ఫుట్‌బాల్ లేదని కాదు. ప్రతి ఉర్దూ బడిలో పదిమంది పిల్లలైనా బంతి కోసం ఎగబడతారు. వాళ్ళ ఆట చూస్తే 1950కి ముందటి ఆటే కనబడుతుంది. దొరికినవాడు వదలడు, మిగతావాళ్ళంతా తేనెటీగల్లా వాడి చుట్టూ. మా ఆటల పీరియడ్ సంగతి అందరికీ తెలిసిందే. పరీక్షలు దగ్గరపడితే లెక్కలకు పోతుంది, దూరంగా ఉంటే ఇంకేదానికో పోతుంది. ఒక తండ్రి మమ్మల్ని నిలదీశాడు: "ఏం సార్, బంతి తన్నితే బువ్వొస్తాదా?" ఆయన బంగారు అంగట్లో పనిచేసి పిల్లవాణ్ణి చదివిస్తున్నాడు. ఆయన అడిగిందాంట్లో తప్పేమీ లేదు. ఒకప్పుడు వచ్చేది అన్నాము. ఇప్పుడు సంగతి చెప్పమన్నాడు. ఇప్పటికైతే కొన్ని శాఖల్లో క్రీడాకారులకు కోటా మిగిలుంది, దానికి రాష్ట్రస్థాయిలో ఆడి సర్టిఫికెట్ తేవాలి, అక్కడిదాకా పోవాలంటే పన్నెండేళ్ళకే మొదలుపెట్టాలి అని చెప్పాము. అబద్ధం ఆడి పిల్లవాణ్ణి మైదానానికి తెచ్చుకోవడం మాకిష్టం లేదు.

అందుకని మేమూ, మా తోటి ఉపాధ్యాయులు ఇద్దరూ రహీం సాహెబ్ పాఠాలను మా నేలకు సరిపడా మార్చుకుని నడుపుతున్నాము. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చుట్టూ నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలిచ్చి కాలు మడతపడుతుంది, వాన పడితే బంతికి బంకమన్ను అంటుకుని గుండులా అవుతుంది. కాబట్టి పెన్న ఎండినప్పుడు ఇసుకలోకి దిగుతాము. ఇసుకలో బంతి దొర్లదు, గాలిలోనే ఇవ్వాలి, కాళ్ళకూ బలం. పులివెందుల వైపు పిల్లలు చీనీ తోటల్లో పనులకు పోయే రోజుల్లో రారు, వాళ్ళకోసం ఆదివారమే పెట్టుకున్నాము.

మొదట ఆరుగురిని గుండ్రంగా నిలబెట్టి ఇద్దరిని మధ్యలో పెడతాము. ఒక్క తాకుతో బంతి తిరుగుతూ ఉండాలి, మధ్యవాడికి దొరికితే ఇచ్చినవాడు లోపలికి రావాలి. మొదటి వారం నాలుగు పాసులకంటే ఎక్కువ నడవలేదు. రెండు నెలలకు ఇరవై దాటింది. తర్వాత ఇద్దరు ఒకడి మీదికి పోవడం. ఇందులోనే హమ్లా గుట్టంతా ఉంది. బంతి ఉన్నవాడు డిఫెండరు వైపుకే నేరుగా పోవాలి. ముందే పాసు ఇచ్చేస్తే వాడు రెండోవాడి మీదికి జరుగుతాడు. మరీ ఆలస్యం చేస్తే కాలు అడ్డం పెడతాడు. వాడు రెండడుగుల దూరానికి వచ్చి బరువంతా ఒక కాలి మీద మోపినప్పుడు ఇవ్వాలి. ఇచ్చి నిలబడకూడదు, వాడి వెనక్కి దూసుకుపోవాలి, బంతి మళ్ళీ వస్తుంది. గోడకు కొట్టిన బంతి తిరిగొచ్చినట్లు వస్తుంది కాబట్టి దాన్ని గోడ పాసు అంటారు. ఇది వచ్చాక ముగ్గురి మీదికి ఇద్దరు, ఆ తర్వాత వింగ్ నుంచి క్రాసు. క్రాసు వచ్చేటప్పుడు ఒకడు దగ్గరి స్తంభానికి, ఇంకొకడు దూరపు స్తంభానికి పోవాలి. మా పిల్లలు ఇద్దరూ దగ్గరికే పోతారు, దాన్ని మాన్పించడానికి ఇంకా తంటాలు పడుతున్నాము.

గోలు కొట్టడం నేర్పడానికి గోలుకీపరు కూడా అక్కర్లేదు. బడి గోడ మీద సున్నంతో చతురస్రం గీసి, దాని నాలుగు మూలల్లో నాలుగు గుండ్రాలు వేశాము. బలంగా కొట్టినందుకు మార్కుల్లేవు, మూలకు కొడితేనే. వారంలో రెండు రోజులు ఎడమకాలితోనే. పోయిన దసరా సెలవుల్లో ఎడమకాలి పోటీ పెడితే, ఎప్పుడూ బెంచీ మీద కూర్చునే ఒక పిల్లవాడు, పుట్టుకతో ఎడమచేతివాటం వాడు, కుడికాలితో ఆడాల్సొచ్చి మిగతావారితో సమానమైపోయాడు. అందరికీ కష్టమే కాబట్టి వాడికి సిగ్గు పోయింది. వాడిప్పుడు మా జట్టులో ఎడమ వింగ్.

ఆడపిల్లల సంగతి అడుగుతారని తెలుసు. మా ఉర్దూ తరగతుల్లో వాళ్ళ హాజరే ఎక్కువ. పక్కనున్న అనంతపురం జిల్లాలో 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆర్‌డీటీ సంస్థ పల్లె పిల్లలకు, ఆడపిల్లలతో సహా, ఏళ్ళ తరబడి ఫుట్‌బాల్ నేర్పింది. అదే రాయలసీమ ఎండ, అదే రాయలసీమ నేల. మన దగ్గర బడి ప్రహరీ లోపల, టీచరమ్మల సమక్షంలో, గోడ పాసు వరకైనా నేర్పవచ్చని మా అభిప్రాయం. ఇందులో తల్లులు ముందుకొస్తే తండ్రులు ఒప్పుకుంటారు.

మా దగ్గర ప్రస్తుతం మూడు బంతులున్నాయి, అందులో ఒకటి గాలి నిలవడం లేదు. ఇరవై ఆరుమంది పిల్లలు వస్తున్నారు. ఒక్క తాకు పాఠానికి ఆరుగురికొక బంతి చొప్పున ఐదు కావాలి. బూట్లు ఇప్పుడే అక్కర్లేదు, ఇసుకలో ఉత్తకాళ్ళే మేలు. పెన్నలో నీళ్ళు వచ్చేలోపు జమ్మలమడుగు ఇసుకలో మూడు ఊళ్ళ పిల్లలకూ కలిపి ఒక రోజంతా పోటీ పెట్టాలని ఉంది. ఉదయం డ్రిబ్లింగ్ లేకుండా, అసర్ నమాజు తర్వాత బలంలేని కాలితో. చూడ్డానికి రావాలనుకునేవారు గొడుగు, తాగే నీళ్ళు తెచ్చుకోండి, అక్కడ నీడ లేదు.